ఫ్యాను రెక్క మీద పేరు, పట్టా మీద పేరు

ఏ ఊరి రామాలయంలోకి వెళ్లినా సీలింగ్ ఫ్యాను రెక్కల మీద ఎర్ర పెయింటుతో దాత పేరు ఉంటుంది. ఫ్యాను తిరుగుతున్నంతసేపూ ఆ పేరు ఎవరికీ కనపడదు. కరెంటు పోయినప్పుడే చదవడానికి వీలవుతుంది. దాతకు దక్కేది అంతే. గుడి తాళాలు ఆయన చేతికి రావు, పూజారిని మార్చే హక్కు రాదు, రేపు కోపమొస్తే గుడి పేరు మార్చలేడు. పన్నుల శాఖ కూడా ఈ తేడాను ఒప్పుకుంది. కేంద్ర పరోక్ష పన్నులు, కస్టమ్స్ బోర్డు 2019 అక్టోబరు 11న ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం, ధార్మిక సంస్థ ఆవరణలో దాత పేరు కృతజ్ఞతగా రాస్తే, అందులో వ్యాపార ప్రచారం లేకపోతే, దాని మీద జీఎస్టీ లేదు. ప్రచారం ఉందంటే మాత్రం అది సేవ అమ్మకం కిందికి వస్తుంది.

ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు కంపెనీలిచ్చే స్పాన్సర్‌షిప్ మీద సాఫ్ట్‌వేర్ లోకంలో పాతుకుపోయిన నమ్మకం అచ్చంగా ఈ ఫ్యాను దాత బొమ్మే. కంపెనీ డబ్బిస్తుంది, రీడ్‌మీ పేజీ చివర దాని లోగో పెడతారు, కథ అయిపోతుంది. లైసెన్సు ఓపెన్‌గా ఉన్నంతకాలం డబ్బు ఎవరి జేబులోంచి వస్తే ఏమిటి? కంపెనీ బుద్ధి మారిందా, కోడ్ పట్టుకుని బయటికొచ్చేయొచ్చు. దాన్నే ఫోర్క్ అంటారు, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. కాబట్టి చట్టం గురించి, సంతకాల గురించి బుర్ర పాడుచేసుకోవడం దండగ. మాదాపూర్ మీటప్‌లోనూ ఇదే మాట, శాన్‌ఫ్రాన్సిస్కో సభల్లోనూ ఇదే మాట. చెప్పేవాళ్లు అమాయకులేం కాదు, ఇరవయ్యేళ్లు కోడ్ రాసి చేతులు కాయలు కాచినవాళ్లు. అయినా ఈ నమ్మకం తప్పు. గత పదిహేనేళ్లలో పెద్ద పేరున్న ప్రాజెక్టులే ఒక్కొక్కటిగా ఆ సంగతి తేల్చిపెట్టాయి. వాటి వెనకున్న కంపెనీలు ఫ్యాను ఇచ్చి ఊరుకోలేదు, స్థలం పట్టా తమ పేరున రాయించుకున్నాయి.

కంపెనీ డబ్బే చెడ్డదన్న వాదన వేరే ఉంది. దాన్ని నెత్తికెత్తుకోవాల్సిన పనిలేదు. 2014 ఏప్రిల్‌లో హార్ట్‌బ్లీడ్ లోపం బయటపడినప్పుడు లోకానికి తెలిసిందేమిటంటే, ఇంటర్నెట్‌లో పెద్ద భాగం భద్రత కోసం నమ్ముకున్న ఓపెన్‌ఎస్ఎస్ఎల్‌కు ఏడాదికి వచ్చే విరాళాలు 2,000 డాలర్ల దగ్గర ఉండేవి. ఒక మోస్తరు పెళ్లిలో షామియానాకూ లైటింగుకూ అయ్యే ఖర్చు! ఆ తర్వాతే పెద్ద కంపెనీలు చేతులు విదిల్చాయి. 2024 అక్టోబరులో బెంగళూరు బ్రోకరేజి కంపెనీ జెరోధా ఇలాంటి ప్రాజెక్టుల కోసం ఏడాదికి 10 లక్షల డాలర్ల నిధి ప్రకటించింది. ఇలాంటి డబ్బు ఇంకా రావాలి. పేచీ అంతా డబ్బుతోపాటు ఏ కాగితం వస్తోంది, దాని మీద ఎవరి సంతకం ఉంది అన్న దగ్గరే.

ముందు లైసెన్సు సంగతి. లైసెన్సంటే యజమాని ఊరందరికీ ఇచ్చే అనుమతి. అందులో యజమాని తన చేతులు తాను కట్టేసుకునే షరతేదీ ఉండదు. ఇప్పటికే విడుదలైన వెర్షన్ మీద ఇచ్చిన అనుమతిని మామూలుగా వెనక్కి తీసుకోలేడు. రేపు విడుదల చేయబోయేదాన్ని ఏ షరతుల మీద ఇవ్వాలన్నది మాత్రం హక్కులు చేతిలో ఉన్నవాడి ఇష్టం. ఈ చిన్న సంగతి మరిచిపోయినవాళ్లకు 2023 ఆగస్టు 10న హాషీకార్ప్ గుర్తుచేసింది. క్లౌడ్ సర్వర్లను కోడ్‌తో నడిపే టెర్రాఫామ్ 2014 నుంచి మొజిల్లా లైసెన్సు కింద ఉండేది. ప్రపంచమంతా వాడింది, వందలమంది బయటివాళ్లు కోడ్ రాసిచ్చారు. ఇక మీదట వచ్చే వెర్షన్లన్నీ బిజినెస్ సోర్స్ లైసెన్సు కింద వస్తాయని కంపెనీ ఆ రోజు ప్రకటించింది. కోడ్ చూడొచ్చు, వాడొచ్చు గానీ కంపెనీకి పోటీగా వాడకూడదు. ఎవరినీ అడగలేదు. అడగాల్సిన అవసరమూ లేదు. కోడ్ పంపేవాళ్ల చేత అంతకుముందు నుంచే సంతకం పెట్టించుకుంటోంది. ఏడాది తిరక్కుండానే, 2024 ఏప్రిల్‌లో, ఐబీఎం ఆ కంపెనీని 640 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు ప్రకటించింది. (బిజినెస్ సోర్స్ లైసెన్సు ఎవరి తయారీ అంటే, మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ ఒరాకిల్ పాలపడుతోందని గోలపెట్టి మరియాడీబీ ఫోర్క్ మొదలుపెట్టినవాళ్లది. ఈ రంగంలో ఎవరి చేతులూ మరీ శుభ్రంగా లేవు.)

ఆ సంతకం ఎలా పడుతుందో దగ్గరగా చూడాలి. రాత్రి పదకొండున్నర. గచ్చిబౌలిలో ఒక ఫ్లాట్. ఆఫీసు పనికి అడ్డం పడుతున్న ఒక బగ్‌ను సరిచేసిన ఇంజనీరు, ఆ పదిహేడు లైన్ల మార్పును అసలు ప్రాజెక్టుకు పంపుతాడు. అర నిమిషంలో బాట్ నుంచి కామెంటు: కాంట్రిబ్యూటర్ ఒప్పందం మీద ఇంకా సంతకం చేయలేదు, ఈ లింకు నొక్కండి. లింకులో కొన్ని పేరాల ఇంగ్లీషు, కింద ఆకుపచ్చ బటన్. నొక్కుతాడు. పేజీలో ఎర్ర గుర్తు పోయి పచ్చ టిక్కు పడుతుంది. పని అయిందనుకుని లైటార్పేస్తాడు. ఆ పేరాల్లో సాధారణంగా ఉండేదేమిటంటే, ఈ కోడ్‌ను కంపెనీ ఎప్పటికీ, ప్రపంచమంతటా, రాయల్టీ లేకుండా వాడుకోవచ్చు, ఇతరులకు తనకు నచ్చిన షరతుల మీద ఇచ్చుకోవచ్చు. ఈ ఆఖరి ముక్కే అసలుది. ఇంజనీరు దృష్టిలో తను ప్రపంచానికి ఇచ్చాడు. కాగితం ప్రకారం కంపెనీకి ఇచ్చాడు, ప్రపంచానికి కంపెనీ ఇస్తోంది, ఇచ్చినంతకాలం.

అలాంటి సంతకం అడగని ప్రాజెక్టులూ ఉన్నాయి. లినక్స్ కెర్నెల్ 2004 నుంచి అడిగేదల్లా, పంపేవాడు ఈ కోడ్ పంపే హక్కు నాకుంది అని ఒక లైనులో హామీ ఇవ్వడమే. కాపీరైటు ఎవరిది వాళ్ల దగ్గరే ఉంటుంది. వేలమంది హక్కుదారులు. వాళ్లందరినీ వెతికి ఒప్పించి లైసెన్సు మార్చడం ఐబీఎం, గూగుల్, ఇంటెల్ కలిసి వచ్చినా అయ్యే పని కాదు. ఓపెన్‌ఎస్ఎస్ఎల్ కథే చూడవచ్చు. మంచి ఉద్దేశంతోనే లైసెన్సు మార్చాలనుకుని 2017 మార్చిలో దాదాపు 400 మంది పాత రచయితల కోసం వేట మొదలుపెట్టింది. కొత్త లైసెన్సుతో 3.0 వెర్షన్ వచ్చేసరికి 2021 సెప్టెంబరు అయింది. అవివేకమైన మార్పును అడ్డుకునేది ఈ ఆలస్యమే. దాన్ని చిరాకు పని అనుకుని ఒక్క కంపెనీ చేతిలో హక్కులు పోగేయడం, వాటాదారులందరి సంతకాలు తెచ్చుకోవడం కష్టమని ఉమ్మడి ఆస్తిని ఒకరి పేరున జీపీఏ చేయడంలాంటిది. అది ఎక్కడికి దారితీస్తుందో భూముల తగాదాలు చూసిన ఏ తెలుగు కుటుంబానికీ చెప్పక్కర్లేదు.

సంతకం లేకపోయినా కొన్నిచోట్ల ఫలితం ఒకటే. రెడిస్ డేటాబేస్‌ను ఇటలీ ప్రోగ్రామర్ సాల్వతోరె సాన్‌ఫిలిప్పో 2009లో మొదలుపెట్టాడు. 2010లో వీఎంవేర్, తర్వాత 2013లో పివోటల్, 2015 నుంచి రెడిస్ ల్యాబ్స్ ఆయన పనికి డబ్బు పెట్టాయి. స్పాన్సర్‌షిప్ ఎలా ఉండాలో చెప్పడానికి చాలాకాలం అందరూ చూపించిన ఉదాహరణ ఇదే. కోడ్ పెద్దగా షరతులు లేని బీఎస్‌డీ లైసెన్సు కింద ఉండేది. ఆ ఉదారతే తలుపు తీసిపెట్టింది. బీఎస్‌డీ కోడ్‌ను ఎవరైనా తమ షరతుల మూటలో కట్టుకోవచ్చు కాబట్టి స్పాన్సర్ కూడా కట్టుకోవచ్చు. 2018లో కొన్ని అదనపు మాడ్యూళ్ల లైసెన్సు మార్చినప్పుడు, అసలు రెడిస్ మాత్రం బీఎస్‌డీలోనే ఉంటుందని కంపెనీ, సాన్‌ఫిలిప్పో ఇద్దరూ భరోసా ఇచ్చారు. అదే ఏడాది రెడిస్ పేరు మీద హక్కు కంపెనీకి బదిలీ అయింది. 2020లో ఆయన తప్పుకున్నాడు. 2021లో రెడిస్ ల్యాబ్స్ తన పేరునే రెడిస్ అని మార్చుకుంది. 2024 మార్చి 20న బీఎస్‌డీ పోయింది.

భరోసా అన్న మాట దగ్గర ఒక్క క్షణం ఆగాలి. ఎలాస్టిక్ కంపెనీ కూడా 2018లో ఎలాస్టిక్‌సెర్చ్ అపాచీ లైసెన్సును మార్చలేదు, మార్చబోము అని రాతపూర్వకంగానే చెప్పింది. 2021 జనవరిలో మార్చింది. ఇందులో మోసం వెతకనక్కర్లేదు. మాట ఇచ్చినవాళ్లు ఆ రోజు నిజాయితీగానే ఇచ్చి ఉంటారు. కానీ బ్లాగులో రాసిన మాటకు ఎదుటి పక్షం లేదు, ప్రతిఫలం లేదు, ఉల్లంఘిస్తే ఏమవుతుందో లేదు. కోర్టులో దాన్ని పట్టుకుని నిలబడటం కష్టం. ఇంటి అద్దెకు పదకొండు నెలల అగ్రిమెంటు రాసుకునే మనుషులు, వేల గంటల శ్రమను మాత్రం బ్లాగు పోస్టును నమ్మి అప్పజెబుతారు.

కంపెనీల పక్షానా ఒక బాధ ఉంది. దాన్ని దాచడం అన్యాయం. వాళ్లు జీతాలిచ్చి రాయించిన కోడ్‌ను అమెజాన్‌లాంటి క్లౌడ్ దిగ్గజాలు తీసుకుపోయి అద్దెకిచ్చి గడించాయి, తిరిగిచ్చింది తక్కువ. మాంగోడీబీ 2018 అక్టోబరులో కొత్త లైసెన్సు తెచ్చుకున్నదీ ఈ కారణం చెప్పే. నిజమే కావచ్చు. అయితే ఆ తగాదా ఇద్దరు ధనవంతుల మధ్యది. గచ్చిబౌలి ఇంజనీరు అందులో పక్షం కాదు. ఆయన పదిహేడు లైన్లు మాత్రం ఒక పక్షం చేతిలో ఆయుధమయ్యాయి.

ఇక పేరు. లైసెన్సు కోడ్‌కు వర్తిస్తుంది, పేరుకు వర్తించదు. ఇది లాయర్ల కొంటె వ్యాఖ్యానం కాదు, అపాచీ 2.0, మొజిల్లా 2.0 లైసెన్సులు రెండింటిలోనూ ట్రేడ్‌మార్క్ హక్కులు ఇవ్వడం లేదని స్పష్టంగా రాసే ఉంది. దాన్ని చదివేవాళ్లు ఎంతమందో! 2010లో సన్ మైక్రోసిస్టమ్స్‌ను ఒరాకిల్ కొన్నాక, కోడ్‌తోపాటు పేరు రాదన్న సంగతి అందరికీ ఒకేసారి తెలిసొచ్చింది. సన్ పోషించిన ఓపెన్‌ఆఫీస్ వాలంటీర్లు ఆ ఏడాది సెప్టెంబరు 28న డాక్యుమెంట్ ఫౌండేషన్ పెట్టుకుని, పాత పేరు ఇవ్వమని ఒరాకిల్‌ను అడిగారు. ఇవ్వలేదు. లిబ్రెఆఫీస్ అన్న పేరు అలా స్థిరపడింది. హడ్సన్ అనే సర్వర్ సంగతీ అంతే. దాన్ని సన్‌లో పనిచేస్తూ కొసుకె కవగుచి తయారుచేశాడు. పేరు మాదని ఒరాకిల్ అంది. 2011 జనవరిలో వాడుకరులు 214-14 ఓట్లతో పేరు మార్చుకుని జెంకిన్స్ అయ్యారు. అసలు హడ్సన్ తర్వాత దిక్కులేకుండా పోయింది. జెంకిన్స్ గెలిచింది కదా అంటారు ఫోర్క్ భక్తులు. గెలిచింది. ఇల్లు తగలబడితే అందరూ ప్రాణాలతో బయటపడ్డారు కాబట్టి నిప్పు ప్రమాదం కాదని వాదించడంలా ఉంటుంది ఇది.

పేరు, చిరునామా కలిసి ఒక్క చేతిలో ఉంటే ఏమవుతుందో 2024లో వర్డ్‌ప్రెస్ చూపించింది. వెబ్‌సైట్లు కట్టుకునే ఈ సాఫ్ట్‌వేర్ జీపీఎల్ లైసెన్సుది. అంతకంటే గట్టి లైసెన్సు కోరడం కష్టం. దాని ట్రేడ్‌మార్క్‌ను 2010లో ఆటోమాటిక్ కంపెనీ ఒక లాభాపేక్షలేని ఫౌండేషన్‌కు అప్పగించింది. ఇంతవరకూ పాఠ్యపుస్తకంలో ఉండాల్సినట్టే ఉంది. పుస్తకంలో రాయని ముక్కలు రెండు. ఒకటి, ఆ పేరును వ్యాపారంలో వాడుకునే ప్రత్యేక హక్కు మళ్లీ ఆటోమాటిక్‌కే వచ్చింది. రెండు, కోట్లాది సైట్లు ప్లగిన్లూ అప్‌డేట్లూ తెచ్చుకునే వర్డ్‌ప్రెస్.ఆర్గ్ ఫౌండేషన్‌ది కాదు, సహ సంస్థాపకుడు మాట్ ముల్లెన్‌వెగ్ సొంతం. హోస్టింగ్ కంపెనీ డబ్ల్యూపీ ఇంజిన్ ప్రాజెక్టుకు తగినంత తిరిగివ్వడం లేదని ఆయన ఫిర్యాదు, ఆదాయంలో 8 శాతం కావాలని కోరిక. ఆ సెప్టెంబరులో డబ్ల్యూపీ ఇంజిన్‌కు ఆ సైటు దారి మూసేశారు. అంటే దాని ఖాతాదారుల సైట్లకు అప్‌డేట్లు ఆగిపోయాయి. అక్టోబరు 12న ఆ కంపెనీకి చెందిన ఒక ప్లగిన్ పేజీనే స్వాధీనం చేసుకుని వేరే పేరు తగిలించారు. లాగిన్ పేజీలో నాకు డబ్ల్యూపీ ఇంజిన్‌తో సంబంధం లేదు అని టిక్కు పెట్టించారు, ఊళ్లో వెలివేతలాగా. డిసెంబరు 10న కాలిఫోర్నియా ఫెడరల్ కోర్టు మధ్యంతర ఉత్తర్వులిచ్చి ఇదంతా పూర్వస్థితికి తెమ్మంది. 8 శాతం న్యాయమా అన్యాయమా అన్న చర్చ ఎలా ఉన్నా, ఇందులో జీపీఎల్ ఒక్క అక్షరం కూడా ఉల్లంఘన కాలేదు. కోడ్ ఎవరికైనా ఉచితమే. కోడ్ దొరికే గుమ్మం మాత్రం ఒకాయనది.

అయినా ఫోర్క్ ఉంది కదా. ఈ వాదన ఎంత అందమైనదంటే, దాని బిల్లు ఎవరు కట్టారో చూడాలన్న ఆలోచనే రాదు. రెడిస్ లైసెన్సు మారిన ఎనిమిది రోజులకే వాల్కీ అనే ఫోర్క్ లినక్స్ ఫౌండేషన్ నీడన పుట్టింది. నిలబెట్టింది అమెజాన్, గూగుల్, ఒరాకిల్, ఎరిక్‌సన్. ఎలాస్టిక్‌సెర్చ్ ఫోర్క్ ఓపెన్‌సెర్చ్‌ను మొదలుపెట్టింది అమెజానే. టెర్రాఫామ్ ఫోర్క్ ఓపెన్‌టోఫూ, ఆ రంగంలోని పోటీ కంపెనీలు తమ ఇంజనీర్లను పూర్తికాలం కేటాయిస్తే నడిచింది. అంటే స్పాన్సర్ నుంచి విముక్తి అని చెప్పుకునేది ఇంకో స్పాన్సర్ల జట్టు చేతిలోకి మారడం. అదైనా ఆ కోడ్ మీద వందల కోట్ల వ్యాపారం ఆధారపడి ఉంది కాబట్టి. నలుగురు కుర్రాళ్లు నడుపుకునే, ఏ క్లౌడ్ దిగ్గజానికీ అవసరంలేని లైబ్రరీ స్పాన్సర్ చేతిలో ఇరుక్కుంటే దాన్ని ఫోర్క్ చేయడానికి ఎవరూ రారు. ఫోర్క్ చేయడం అందరి హక్కే, సొంత హెలికాప్టర్ కొనుక్కోవడం అందరి హక్కయినట్టు.

పైగా ఫోర్క్ చేసినవాళ్ల గుమ్మంలోకి లాయరు నోటీసు రాదన్న హామీ లేదు. 2024 ఏప్రిల్‌లో హాషీకార్ప్ లాయర్లు ఓపెన్‌టోఫూకు నోటీసు పంపారు. కొత్త లైసెన్సు కింద ఉన్న మా కోడ్‌ను కాపీ కొట్టి పాత లైసెన్సు ముద్ర వేశారు అని ఆరోపణ. ఓపెన్‌టోఫూ బృందం ఫైలు ఫైలూ పక్కపక్కన పెట్టి, రెండు పక్షాలూ పాత మొజిల్లా కోడ్ నుంచే తీసుకున్నాయి కాబట్టి అలా కనిపిస్తోందని జవాబిచ్చింది. జవాబు గట్టిదే. కానీ అంత జవాబు తయారుచేయడానికి లాయర్లు కావాలి, తీరిక కావాలి, వెనక ఒక సంస్థ కావాలి. ఒకే మూలం నుంచి చీలిన రెండు ప్రాజెక్టుల్లో ఒకే బగ్‌కు ఒకేలాంటి పరిష్కారం రావడం రోజూ జరిగేదే. అలాంటి ప్రతిసారీ కాపీ కొట్టలేదని నిరూపించుకోవాల్సిన భారం బీదపక్షం మీదే పడుతుంది.

గచ్చిబౌలి ఇంజనీరు దగ్గరికి మళ్లీ రావాలి. ఆయన పచ్చ బటన్ నొక్కాడు సరే, అసలు నొక్కే హక్కు ఆయనకుందా? భారత కాపీరైటు చట్టం, 1957లోని 17వ సెక్షన్ సీ క్లాజు ప్రకారం, ఉద్యోగంలో భాగంగా చేసిన రచనకు, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి యజమాని ఉద్యోగమిచ్చినవాడే. కంప్యూటర్ ప్రోగ్రాం ఈ చట్టం కింద సాహిత్య రచన. ఆఫీసు పనికి అడ్డమొచ్చిన బగ్, ఆఫీసు ల్యాప్‌టాప్, పైగా ఆఫర్ లెటర్‌లో ఉద్యోగి సృష్టించే ప్రతిదీ కంపెనీదేనన్న వాక్యం. ఆ పదిహేడు లైన్లు తనవేనని ఆయన గట్టిగా చెప్పలేడు. ఆయన సంతకం నమ్మి వాటిని కలుపుకున్న ప్రాజెక్టు, దానికి డబ్బిచ్చిన స్పాన్సర్ ఇద్దరూ పరాయి సొత్తు మీద కూర్చున్నట్టే.

ఇది ఉత్త భయపెట్టడం అనుకునేవారికి 2019 డిసెంబరు 12 గుర్తుచేయాలి. ఆ రోజు ఎన్‌జింక్స్ అనే వెబ్ సర్వర్ సంస్థ మాస్కో ఆఫీసు మీద పోలీసులు దాడి చేశారు. ఎన్‌జింక్స్‌ను ఇగోర్ సిసోయెవ్ 2004లో విడుదల చేశాడు, అప్పట్లో ఆయన రాంబ్లర్ అనే కంపెనీలో సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్. పదిహేనేళ్లు నోరు మెదపని ఆ పాత యాజమాన్యం, అమెరికా కంపెనీ ఎఫ్5 దాన్ని 67 కోట్ల డాలర్లకు కొన్న ఏడాదే, అది మా ఉద్యోగి మా పనివేళల్లో రాసింది కాబట్టి మాదే అంటూ లేచింది. తర్వాత రాంబ్లరే క్రిమినల్ కేసు వద్దని వెనక్కి తగ్గింది. ప్రపంచంలోని వెబ్‌సైట్లలో ఎంతో భాగాన్ని మోస్తున్న కోడ్ యాజమాన్యం మీద ఒక పాత నియామక పత్రం పదిహేనేళ్ల తర్వాత నీడలా వచ్చి పడింది. డబ్బు లేనంతకాలం ఎవరికీ గుర్తురాలేదు. డబ్బు రాగానే వారసులు పుట్టుకొచ్చారు.

చట్టం స్పాన్సర్‌ను కూడా తీరిగ్గా కాటేస్తుంది. మన దేశంలో ఒక చిన్న ప్రాజెక్టుకు కంపెనీ డబ్బిచ్చి, హక్కులన్నీ మాకు బదిలీ అని రెండు లైన్ల లెటర్ రాయించుకుంటుంది. కాపీరైటు చట్టం 19వ సెక్షన్ దాన్ని ఎలా చదువుతుందో లెటర్ రాసినవాళ్లకు తట్టదు. బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. కాలవ్యవధి చెప్పకపోతే ఐదేళ్లే అనుకోవాలి. ఏ భూభాగమో చెప్పకపోతే భారతదేశం వరకే. వేరే మాట రాసుకోకపోతే, తీసుకున్న హక్కును ఏడాదిలోగా వాడకపోయినా చేజారుతుంది. ఈ సెక్షన్ లైసెన్సులకూ వర్తిస్తుంది. శాశ్వతంగా, ప్రపంచమంతటా అని కాలిఫోర్నియా లాయర్లు అన్నిసార్లు రాసేది అలంకారం కోసం కాదు. ఆ రెండు మాటలూ మరిచిన కంపెనీ, ఐదేళ్ల తర్వాత తను కొన్నాననుకున్నది తన దగ్గర లేదని తెలుసుకుంటుంది. ఆ లోపు దాని మీద ఎన్ని ఉత్పత్తులు కట్టిందో.

రీడ్‌మీలో లోగో పెట్టి లింకిచ్చి, స్పాన్సర్ బగ్గులకు ముందు వరుస ఇస్తామన్నారంటే పన్ను లెక్కలోనూ ఫ్యాను రెక్క దాటినట్టే. యూరప్‌లో 2024 డిసెంబరు 10 నుంచి అమల్లోకి వచ్చిన సైబర్ రెజిలియెన్స్ చట్టం కూడా ఇలాంటి గీతే గీసింది. తయారీ కంపెనీల నుంచి ఆర్థిక సాయం అందినంత మాత్రాన ప్రాజెక్టు వ్యాపారం అయిపోదు, లాభం కోసం అమ్మితే అవుతుంది, ప్రాజెక్టులను పద్ధతిగా పోషించే సంస్థలకు సంరక్షకుల పేరుతో కొన్ని బాధ్యతలుంటాయి. ప్రధాన బాధ్యతలు 2027 డిసెంబరు 11 నుంచి. యూరప్‌కు సాఫ్ట్‌వేర్ అమ్మే హైదరాబాద్ కంపెనీలు ఆ గీతకు ఎటు నిలబడ్డాయో ఇప్పుడే చూసుకోవాలి.

అయితే ఫౌండేషన్‌కు ఇచ్చేస్తే పోలేదా? ఇదీ అదే నమ్మకానికి చివరి ఆశ్రయం. సగం నిజం. నాట్స్ అనే ప్రాజెక్టును సినాడియా అనే కంపెనీ 2018లో క్లౌడ్ నేటివ్ కంప్యూటింగ్ ఫౌండేషన్‌కు దానమిచ్చింది. ఏడేళ్లు అందరూ అది ఫౌండేషన్‌దే అనుకున్నారు. 2025 ఏప్రిల్‌లో కంపెనీ, ప్రాజెక్టును వెనక్కి తీసుకుంటాం, డొమైనూ రిపాజిటరీలూ ఇచ్చేయండి అంది. కొత్త వెర్షన్‌ను బిజినెస్ సోర్స్ లైసెన్సు కిందికి తేవాలన్నది ఆలోచన. ఇంత ధైర్యం ఎక్కడిదని చూస్తే, ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రేషన్ బదిలీ కాగితం మీద ఏడేళ్లుగా ఎవరూ సంతకమే పెట్టించలేదు. దానం చేసిన భూమికి మ్యుటేషన్ చేయించుకోకపోతే ఏమవుతుందో రెవెన్యూ ఆఫీసు బెంచీల మీద కూర్చున్న వాళ్లను అడగాలి. చివరికి మే 1న రాజీ కుదిరి, మార్కులు ఆ ఫౌండేషన్ మాతృసంస్థ లినక్స్ ఫౌండేషన్‌కు బదిలీ అయ్యేలా ఒప్పుకున్నారు.

కాగితం సరిగ్గా రాసుకున్న చోట్లు లేకపోలేదు, తెలుగువారికి దగ్గర్లోనే ఒకటుంది. మల్లన్న, రామభద్ర, ఎన్‌టీఆర్, మండలి వంటి ఫాంట్లను సిలికాన్ ఆంధ్ర సంస్థ ఎస్ఐఎల్ ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద అందరికీ అందుబాటులోకి తెచ్చింది. ఆ లైసెన్సు కాపీరైటు ప్రకటననూ లైసెన్సు పాఠాన్నీ ఫాంటు ప్రతి కాపీతోనూ ఉంచమంటుంది. మార్చిన ఫాంటును కూడా ఇదే లైసెన్సు కింద ఇవ్వాలంటుంది. ఫాంటును విడిగా అమ్ముకోవద్దంటుంది. కావాలనుకుంటే అసలు పేరును రిజర్వు చేసుకునే వీలిస్తుంది. పేరూ హక్కూ వాడకమూ మూడూ ఒకే పేజీలో తేలిపోయాయి. ఆ ఫాంటుతో పత్రిక అచ్చువేసినవాడు రేపు ఏ కంపెనీ ఏ కంపెనీని కొంటుందోనని కలవరపడక్కర్లేదు.

అంతకంటే గట్టి కాగితం నార్వేలో పుట్టింది. లినక్స్ డెస్క్‌టాప్ కేడీఈ మొత్తం ట్రోల్‌టెక్ కంపెనీ చేసిన క్యూటీ అనే టూల్‌కిట్ మీద కట్టింది. రేపు కంపెనీ తలుపు మూస్తే? ఈ ప్రశ్న వేసుకున్న కేడీఈ వాళ్లు బ్లాగు పోస్టుతో సరిపెట్టుకోలేదు. 1998లో ఇద్దరూ కలిసి ఒక ఫౌండేషన్ పెట్టి ఒప్పందం రాసుకున్నారు: వరసగా పన్నెండు నెలలపాటు క్యూటీ ఉచిత వెర్షన్ విడుదల కాకపోతే, ఉన్న కోడ్‌ను బీఎస్‌డీ తరహా లైసెన్సు కింద లోకానికి వదిలేసే హక్కు ఫౌండేషన్‌కు ఉంటుంది. అందులో సమాన ఓట్లు పడితే నిర్ణయం కేడీఈది. తర్వాత ట్రోల్‌టెక్‌ను 2008లో నోకియా కొంది, 2012లో డిజియా చేతికి వెళ్లింది, అక్కడినుంచి క్యూటీ కంపెనీ విడిగా ఏర్పడింది. యజమానులు మారారు, ఒప్పందం వాళ్ల వెంటే వెళ్లింది. 2020 ఏప్రిల్‌లో, కరోనా దెబ్బకు ఆదాయం కోసం చూస్తున్న క్యూటీ కంపెనీ కొత్త వెర్షన్లను మొదట కొంతకాలం డబ్బు కట్టినవాళ్లకే ఇవ్వాలని ఆలోచిస్తోందన్న కబురు కేడీఈ వైపు నుంచి బయటికొచ్చింది. ఆ కొంతకాలం ఎంతంటే పన్నెండు నెలలు. పదమూడో నెల జోలికి ఎవరూ పోలేదు.